చిన్న యాంప్, పెద్ద స్టేజి

పోయినేడాది కాలేజీ ఫెస్టులో మా బ్యాండ్ మూడు పాటలు వాయించింది. స్టేజి దిగగానే రూమ్మేట్‌ని పట్టుకుని "ఎలా ఉంది రా?" అని అడిగాను.

"గిటార్ మాత్రం చింపేశావ్ మామా" అన్నాడు.

"మరి ఆ చివరి పాట?"

"అదా... అది ఏ భాష?"

అది తెలుగు పాట. మా సింగర్ రాసింది. కరువొచ్చిన ఏడాది వాళ్ల తాత ఎడ్ల జతని సంతలో అమ్మేసి, ఖాళీ పలుపుతాళ్లు భుజాన వేసుకుని ఇంటికి నడిచొచ్చిన రోజు గురించి. మూడు నెలలు కూర్చుని రాశాడు. మొదటిసారి మన క్లబ్బు మీటింగులోనే చదివాడు. ఆ రోజు గదిలో ఎవరూ ఫోన్ వైపు చూడలేదు. అలాంటి పాట ఫెస్టులో ఒక్క ముక్క కూడా ఎవరికీ అర్థం కాలేదు. తప్పు సౌండ్ వాళ్లది కాదు, డ్రమ్మర్‌ది కాదు. నాది. అద్దెకు తెచ్చిన 100 వాట్ల యాంప్‌ని వెనకాల పెట్టుకుని, "ఇంత పెద్ద గ్రౌండు కదా" అని వాల్యూమ్ తిప్పుకుంటూ పోయాను.

వాడు నన్నేమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఏడాది పాటు నేను చదివిందీ, పాడుచేసిందీ, నేర్చుకుందీ కలిపితే ఈ వ్యాసం. చిన్న ట్యూబ్ యాంప్‌తో పెద్ద స్టేజి మీద వాయించడం ఎలా, అసలు ఎందుకు అన్నదే విషయం. గిటార్ వాయించనివాళ్లు కూడా చదవచ్చు. స్టేజి మీద పాడేవాళ్లకీ, కవిత చదివేవాళ్లకీ ఇందులో పనికొచ్చే ముక్కలున్నాయి.

గాజు బుడ్డిలో ఏముంది?

మనకి ఈడీసీ క్లాసులో నేరుగా డయోడ్‌తో మొదలుపెట్టి ట్రాన్సిస్టర్‌కి వెళ్లిపోతారు. ఆ రెండింటికీ తాతలున్నారు. 1904లో ఆంబ్రోస్ ఫ్లెమింగ్ గాలి తీసేసిన గాజు బుడ్డిలో రెండు ఎలక్ట్రోడ్‌లు పెట్టి కరెంటు ఒకే దిక్కుకి పోయేలా చేశాడు. 1906లో లీ డి ఫారెస్ట్ ఆ రెండింటి మధ్య మూడోది ఒకటి, తీగతో చేసిన గ్రిడ్, పెట్టాడు. గ్రిడ్ మీద చిన్న వోల్టేజి మారితే, దాన్ని దాటిపోయే పెద్ద కరెంటు మారుతుంది. అంటే చిన్న సిగ్నల్ చేతిలో పెద్ద సిగ్నల్ కళ్లెం. యాంప్లిఫికేషన్ అంటే అంతే.

తర్వాత ట్రాన్సిస్టర్ వచ్చి రేడియోల్లోంచి, టీవీల్లోంచి ట్యూబ్‌ని తరిమేసింది. గిటార్ యాంప్‌లోంచి మాత్రం తరమలేకపోయింది. కారణం ఏంటంటే, ట్యూబ్ తన శక్తికి మించి సిగ్నల్ వచ్చినప్పుడు ప్రవర్తించే తీరు. మామూలు ట్రాన్సిస్టర్ యాంప్ హద్దు దాటగానే వేవ్ తలని కత్తితో కోసినట్టు కోసేస్తుంది. చెవికి అది గరగరమని గుచ్చుకుంటుంది. ట్యూబ్ యాంప్ అయితే హద్దు దగ్గరకి వచ్చేకొద్దీ మెల్లమెల్లగా వంచుతుంది. అలా వంగినప్పుడు కొత్త హార్మోనిక్స్ పుడతాయి. మెల్లగా మీటితే శుభ్రంగా పలికి, గట్టిగా మీటితే గొంతు బొంగురుపోయినట్టు పలుకుతుంది. ఆ తేడా వేళ్ల చేతిలో ఉంటుంది, పెడల్ చేతిలో కాదు.

అయితే ఒక చిక్కు. ఆ అందమైన వంపులో సగం పవర్ ట్యూబులూ, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరూ, స్పీకరూ కష్టపడితేనే వస్తుంది. 100 వాట్ల యాంప్‌ని అక్కడిదాకా తీసుకెళ్తే హాల్లో జనం చెవులు మూసుకుంటారు. 5 వాట్లదైతే అక్కడికి తొందరగా చేరుకుంటుంది. చిన్న యాంప్ మీద గిటారిస్టులకి అంత ప్రేమ అందుకే.

వాట్లు వేరు, చప్పుడు వేరు

"100 వాట్లంటే 5 వాట్ల కంటే ఇరవై రెట్లు గట్టిగా వినిపిస్తుంది." నేనూ ఇలాగే అనుకున్నా. చెవి లెక్క అలా ఉండదు, అది లాగరిథమిక్. పవర్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. అంటే "ఆ, కొంచెం పెరిగింది" అనిపించేంత. చెవికి సుమారు రెట్టింపు గట్టిగా అనిపించాలంటే 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి పవర్ పది రెట్లు కావాలి. కాబట్టి 5 వాట్ల యాంప్ కంటే 50 వాట్లది రెట్టింపు గట్టిగా వినిపిస్తుంది, అంతే. 15 నుంచి 30 వాట్లకి వెళ్తే తేడా ఆ 3 డెసిబెల్సే.

ఇక్కడ స్పీకర్ పాత్ర కూడా చూడాలి. ప్రతి గిటార్ స్పీకర్‌కీ సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది: 1 వాట్ ఇస్తే 1 మీటర్ దూరంలో ఎన్ని డెసిబెల్స్ అని. సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్‌కి అది 98, అదే కంపెనీ వింటేజ్ 30కి 100. అంటే స్పీకర్ మారిస్తేనే 2 డెసిబెల్స్ వస్తాయి. వాట్లు పెంచి అదే సాధించాలంటే పవర్‌ని దాదాపు 1.6 రెట్లు చేయాలి.

ఇప్పుడు 5 వాట్లకి లెక్క కడదాం. 98 సెన్సిటివిటీ ఉన్న స్పీకర్‌కి 5 వాట్లు ఇస్తే ఇంకో 7 కలిసి మీటర్ దూరంలో 105 డెసిబెల్స్. ఇది చిన్న శబ్దమేం కాదు. 100 డెసిబెల్స్ దగ్గర రోజుకి పదిహేను నిమిషాలకి మించి ఉండొద్దని వృత్తి ఆరోగ్య నిపుణులు చెప్తారు. కానీ ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పోతాయి. 8 మీటర్లు దాటేసరికి 18 తగ్గి 87 మిగులుతుంది. 32 మీటర్ల దగ్గర 75. అక్కడ నిలబడ్డవాడికి మీ గిటార్ కంటే పక్కవాడి కబుర్లే బాగా వినపడతాయి.

మరి 100 వాట్లు పెడితే? 13 డెసిబెల్స్ పెరుగుతాయి. 32 మీటర్ల దగ్గరివాడికి 88, బానే ఉంది. ముందు వరసలో రెండు మీటర్ల దగ్గర కూర్చున్నవాడికి 112. వాడి గతి ఏంటి? వెనకవాడి కోసం పెంచితే ముందువాడు చస్తాడు. ఒకే పెట్టెతో మైదానం మొత్తాన్ని సమంగా నింపడం కుదరదు. ఆ పని చేయాల్సింది పీఏ సిస్టమ్, అంటే స్టేజికి రెండు పక్కలా ఎత్తుగా పెట్టే స్పీకర్లు.

మరి అంత పెద్దవి ఎందుకు పుట్టాయి?

ఇది తెలిశాక నాకొక అనుమానం వచ్చింది. లెక్క ఇంత స్పష్టంగా ఉంటే పాత రాక్ బ్యాండ్ల వెనక గోడల్లాగా యాంప్‌లు ఎందుకుంటాయి?

జవాబు 1960లలో ఉంది. అప్పటి పీఏలు పాడేవాళ్ల గొంతు మోయడానికే అవస్థ పడేవి. గిటార్‌ని అందులోకి పంపే అలవాటు లేదు, గిటార్ ఎంత దూరం వినపడాలన్నా దాని యాంపే మోయాలి. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ 55 వేల మందికి పైగా జనం ముందు వాయించారు. వాళ్ల కోసం వాక్స్ కంపెనీ 100 వాట్ల యాంప్‌లు ఇచ్చింది. గొంతులు స్టేడియం స్పీకర్లలో వచ్చాయి. స్టేజి మీద వాళ్లకి మానిటర్లు లేవు. జనం అరుపుల్లో ఎవరు ఏం వాయిస్తున్నారో వాళ్లకే వినపడలేదు. లండన్‌లో ఆ ఏళ్లలోనే మార్షల్ 100 వాట్ల యాంప్‌లు తయారు చేయడం మొదలుపెట్టాడు.

అంటే పెద్ద యాంప్ ఒక అవసరానికి పుట్టింది. పీఏ ఎదిగాక ఆ అవసరం చాలావరకు పోయింది. మా ఫెస్టులో మా పక్కనే మనిషి ఎత్తు స్పీకర్లున్నాయి, మిక్సర్ ఉంది, మైకులున్నాయి. నేను మాత్రం 1965లో ఉన్నట్టు వాయించాను.

హల్లులు ఎక్కడికి పోయాయి?

సాహిత్యం క్లబ్బు పత్రిక కాబట్టి ఈ ముక్క కాస్త వివరంగా చెప్తా.

మాటలో అచ్చులది బలం, హల్లులది అర్థం. పాడేటప్పుడు సాగదీసేది అచ్చుని. "తాత"ని "పాప" నుంచి వేరు చేసేది మాత్రం పెదవుల దగ్గరో పళ్ల దగ్గరో క్షణంలో పుట్టి పోయే చిన్న శబ్దం. ఆ తేడాని చెప్పే శక్తి ఎక్కువగా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. గిటార్ స్పీకర్లు కూడా సరిగ్గా ఆ ప్రాంతంలోనే గట్టిగా మోగుతాయి. గిటార్ పెంచితే ముందు మునిగేది హల్లులే. మిగిలేది ఆ, ఈ, ఓ. అందుకే మా రూమ్మేట్‌కి పాట వినపడింది, భాష వినపడలేదు.

ఇంకో దెబ్బ కూడా ఉంది. నా యాంప్ చప్పుడు సింగర్ మైకులోకి దూరుతోంది. సౌండ్ అన్న గొంతు పెంచడానికి ఆ మైకు ఫేడర్ పైకి తోస్తే, దాంతోపాటు నా గిటారూ పెరుగుతోంది. పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు? స్టేజి మీద పుట్టే చప్పుడుని మిక్సర్ దగ్గర తగ్గించే బటన్ లేదు. తగ్గించాల్సింది వాయించేవాడే.

రెండో తప్పు

ఇంతలో డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు, అన్నయ్య, సెలవులకి వస్తూ తను వాడని చిన్న ట్యూబ్ యాంప్ ఒకటి తెచ్చిచ్చాడు. 5 వాట్లు, ఒకే పవర్ ట్యూబ్, 8 అంగుళాల స్పీకర్. పాత పోర్టబుల్ టీవీ అంత ఉంటుంది. 1950ల నాటి ఫెండర్ చాంప్ ఎలా ఉండేదో దాదాపు ఆ బాపతు.

దీంతో ఫ్రెషర్స్ డేకి సెమినార్ హాల్లో వాయించాను. "చిన్న హాలే కదా, మైక్ ఎందుకు" అనుకున్నా. డ్రమ్మర్ మొదటి దెబ్బ వేశాడు, నేను మాయమైపోయాను. గట్టిగా కొట్టిన స్నేర్ డ్రమ్ దగ్గర్లో 100 డెసిబెల్స్ సులువుగా దాటుతుంది, నా యాంప్ మొత్తం బలం అదే. ఫుల్ తిప్పితే గరగర పెరిగింది కానీ చప్పుడు పెరగలేదు. హద్దుకి చేరిన యాంప్ అంతకంటే ఇవ్వలేదు.

మొదటిసారి నా చప్పుడు వాడి పాటని మింగేసింది. రెండోసారి డ్రమ్స్ నన్ను మింగేశాయి. ఈ రెండింటి మధ్య దారి వెతకాలని అప్పుడు కూర్చున్నా.

ఎక్కడికి ఏది

నాకు తేలింది ఇది. 5 వాట్లు: హాస్టల్ గది, డ్రమ్స్ లేని అన్‌ప్లగ్డ్ కార్యక్రమం, రికార్డింగ్. డ్రమ్స్ ఉంటే కచ్చితంగా మైక్ పెట్టాలి. 15 వాట్లు: వాక్స్ ఏసీ15 లాంటివి, రెండు ఈఎల్84 ట్యూబులతో పనిచేస్తాయి. అదుపుగా కొట్టే డ్రమ్మర్ ఉంటే చిన్న హాల్లో మైక్ లేకుండా గట్టెక్కవచ్చు. 22 వాట్లు: ఫెండర్ డీలక్స్ రివర్బ్ బాపతు. డ్రమ్స్ పక్కన కూడా ఎక్కువగా బొంగురుపోకుండా పలకడానికి ఇది చాలామందికి సరిపోతుంది.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. చిన్న యాంప్‌కి గట్టిగానూ శుభ్రంగానూ ఒకేసారి పలకడం రాదు. మీ పాటలకి గాజులా మెరిసే క్లీన్ టోన్ కావాలంటే, స్టేజి మీద అది వినపడాలంటే, 5 వాట్లు నిరాశపరుస్తుంది. కొంచెం గరుకు ఉన్నా పర్లేదనుకుంటే దాన్ని మించింది లేదు.

బలం చాలకపోతే యాంప్ మార్చకముందు ఒకటి ప్రయత్నించండి. దానికి బయటి స్పీకర్ సాకెట్ ఉంటే 12 అంగుళాల క్యాబినెట్ తగిలించండి. శబ్దం నిండుగా వస్తుంది, సెన్సిటివిటీ ఎక్కువైతే చప్పుడూ పెరుగుతుంది. ఓమ్‌లు మాత్రం కలవాలి: 8 ఓమ్ అని రాసి ఉంటే 8 ఓమ్ స్పీకరే.

మైక్ ఎక్కడ, యాంప్ ఎక్కడ

యాంప్ ముందు పెట్టడానికి ఖరీదైన మైకు అక్కర్లేదు. 1965లో వచ్చిన షూర్ ఎస్ఎమ్57 ఇప్పటికీ స్టేజిల మీద అదే పని చేస్తోంది. సౌండ్ అద్దెకిచ్చేవాళ్ల దగ్గర అదో, అలాంటి డైనమిక్ మైకో ఉంటుంది. ముందే అడిగి పెట్టుకోండి, స్టేజి ఎక్కాక కాదు.

మైకుని స్పీకర్ గుడ్డకి రెండు మూడు వేళ్ల దూరంలో పెట్టండి. లోపల స్పీకర్ మధ్యలో బొడిపె లాంటి గుండ్రటి టోపీ ఉంటుంది. ఆ టోపీ అంచు ఎక్కడుందో టార్చ్ వేసి చూసి, అక్కడికి గురిపెట్టండి. సరిగ్గా నడిమధ్యకి పెడితే సూదిలా గుచ్చుతుంది, బాగా అంచుకి జరిపితే దుప్పటి కప్పినట్టు ఉంటుంది. అంగుళం జరిపితే గొంతు మారిపోతుంది. అందుకే ట్రెబుల్ నాబ్ తిప్పేముందు మైకు జరిపి చూడండి.

యాంప్‌ని నేల మీద, మీ వెనకాల పెట్టకండి. స్పీకర్ పదునైన శబ్దాన్ని టార్చ్ వెలుతురులా ఎదురుగానే విసురుతుంది. నేల మీద పెడితే ఆ వెలుతురు మీ పిక్కలకి తగులుతుంది, చెవులకి కాదు. మీకు మందంగా వినిపించి ఇంకా పెంచుతారు. ముందు వరసవాడికి తిన్నగా మొహం మీద పడుతుంది. నా మొదటి ఫెస్టులో జరిగింది ఇదే. కుర్చీ మీద పెట్టి, కొంచెం వెనక్కి వాల్చి, మీ చెవి వైపు తిప్పండి. ఇంకా మంచిది, స్టేజి పక్కన పెట్టి అడ్డంగా లోపలికి చూపించండి. అప్పుడది మీకు మానిటర్. జనానికి చేరవేసే పని మైకుదీ, పీఏదీ.

కరెంటుతో ఆటలొద్దు

ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

అన్నయ్య తెచ్చిన యాంప్ వెనక "120 వోల్ట్స్, 60 హెర్ట్జ్" అని రాసి ఉంది. ఈసీఈ చదువుతున్న నేను అది చదవకుండా, అడాప్టర్ పిన్ పెట్టి, హాస్టల్ 230 వోల్ట్‌ల ప్లగ్గులో గుచ్చాను. టప్ మంది. ఫ్యూజ్ పోయింది. ఫ్యూజ్ పోవడమే నా అదృష్టం, అది పోయి యాంప్‌ని కాపాడింది. పిన్ మార్చే అడాప్టర్ వోల్టేజి మార్చదు. అమెరికా యాంప్ అయితే 230 నుంచి 120కి దించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. యాంప్ లాగే పవర్ కంటే బాగా ఎక్కువ కెపాసిటీది తీసుకోండి. 60 హెర్ట్జ్ కోసం చేసిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద కొంచెం ఎక్కువ వేడెక్కుతుందని కూడా గుర్తుంచుకోండి. ఫ్యూజ్ పోతే అదే రేటింగ్‌ది వేయండి. రాగి తీగ చుట్టడం లాంటి తెలివితేటలు వద్దు.

ఎర్త్ లేని ప్లగ్గులో పెట్టొద్దు. ఆరుబయట స్టేజిల మీద ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో మూడో పిన్ అలంకారానికి ఉండటం మీరూ చూసే ఉంటారు. చేతిలో గిటార్ తీగలు, పెదవులకి మైకు తగిలితే, ఆ రెండింటి మధ్య వోల్టేజి తేడా మీ ఒంట్లోంచి పోతుంది. ప్రాణాలు పోయే పని. హమ్మింగ్ వస్తోందని ఎర్త్ పిన్ పీకేయమని ఎవరైనా సలహా ఇస్తే, ఆ మనిషికి దణ్ణం పెట్టి పక్కకి జరగండి. వాయించేముందు ఎలక్ట్రీషియన్ చేత టెస్ట్ చేయించండి.

ట్యూబ్ యాంప్ లోపల 300 వోల్ట్‌లకి పైగా ఉండటం మామూలే. ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లు ఆ ఛార్జిని పట్టుకుని కూర్చుంటాయి. కాబట్టి తెలిసినవాళ్లు తప్ప లోపల చెయ్యి పెట్టకూడదు. స్పీకర్ వైరు ఊడిన ట్యూబ్ యాంప్‌ని వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ఆన్ చేశాక ట్యూబులు వేడెక్కడానికి ఒకట్రెండు నిమిషాలు ఇవ్వండి. ఆపాక వేడి మీద బండిలో పడేయకండి. బ్యాగులో స్పేర్ ఫ్యూజులు, కుదిరితే ఒక స్పేర్ ట్యూబ్ పెట్టుకోండి.

మళ్లీ అదే పాట

ఈ ఏడాది కాలేజీ డేకి మళ్లీ అదే గ్రౌండు, దాదాపు అదే పీఏ. ఈసారి నా వెనక గోడ లేదు. ప్లాస్టిక్ కుర్చీ మీద అన్నయ్య ఇచ్చిన బుల్లి యాంప్, దాని ముందు ఒక మైకు, వెనక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్. "ఇదేంట్రా, టిఫిన్ బాక్సా?" అని డ్రమ్మర్ నవ్వాడు. సౌండ్ చెక్‌లో నేను చేసింది ఒక్కటే. గిటార్ పక్కన పెట్టి, స్టేజి దిగి, గ్రౌండు చివరికి నడిచి, సింగర్‌ని మాటలు మాత్రం చదవమన్నాను. తర్వాత బ్యాండ్‌తో పాడమన్నాను. మాటలు అర్థమయ్యేదాకా గిటార్ తగ్గించమని సౌండ్ అన్నకి చెయ్యి చూపించాను. పోయినేడాది నేను చేయని పని ఇదొక్కటే అనిపించింది.

పాట మధ్యలో తాళ్లు భుజాన వేసుకునే చోట గిటార్ వాల్యూమ్ నాబ్ తగ్గించాను. యాంప్ బొంగురు తగ్గి శుభ్రంగా, మెల్లగా పలికింది. చివరి చరణానికి మళ్లీ పెంచాను. పెడల్ ముట్టుకోలేదు.

రాత్రి మెస్సులో లేటుగా తింటున్నాం. వడ్డించే అన్న చారు గిన్నె పట్టుకుని మా సింగర్ దగ్గర ఆగాడు. "తమ్ముడూ, నేను గోడ అవతల నుంచి విన్నా. ఆ ఎడ్లని ఎవరు కొన్నారు? మంచోళ్లేనా?" అని అడిగాడు.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. అన్న గిన్నె కింద పెట్టి, బెంచీ మీద కూర్చున్నాడు.